ఏడు రోజుల బ్యాటరీ

మనిషి రెండు కాళ్ల మీద నిలబడి నడవడం నేర్చుకుని లక్షల ఏళ్లయిందని చిన్నప్పుడు చదువుకున్నాం. ఆ నడకకు అధికారిక గుర్తింపు లభించింది మాత్రం మొన్నీమధ్య ఒక సోమవారం, మా ఆఫీసు మూడో అంతస్తులో, టీ విరామానికి పది నిమిషాల ముందు. అంతకుముందు మానవజాతి వేసిన అడుగులన్నీ అనధికారికమైనవి. వాటిని క్రమబద్ధం చేసే ఆలోచన ప్రస్తుతానికి యాజమాన్యానికి లేదు.

మాది బీమా కంపెనీ. ఆ రోజు ఎనభై ఆరుగురు ఉద్యోగులకూ తలా ఒక ఫిట్‌నెస్ బ్యాండు ఇచ్చారు. సర్క్యులర్‌లో దాని పేరు 'ఆరోగ్య కంకణం'. అట్టపెట్టె మీద నవ్వుతూ పరుగెత్తుతున్న ఒక జంట బొమ్మ, ఆ జంట కాళ్ల కింద పెద్ద అక్షరాలతో 'ఏడు రోజుల బ్యాటరీ' అని ఉన్నాయి. వాళ్లు అంతగా ఎందుకు నవ్వుతున్నారో అప్పుడు అర్థం కాలేదు. (ఆ ఫోటో మొదటి గంటలో తీసి ఉంటారు.)

పథకం సులువైనదే. వరుసగా పద్దెనిమిది పనిదినాలు, రోజుకు పదివేల అడుగులు. పూర్తి చేసినవారికి ప్రశంసాపత్రం. ఆదివారం వేసిన అడుగులు చెల్లవు. దంపతులిద్దరూ ఇదే ఆఫీసులో పనిచేస్తూ, పెళ్లయి ఏడాది దాటకుండా ఉండి, ఇద్దరూ పూర్తి చేస్తే మాత్రం ప్రశంసాపత్రంతో పాటు ఏడు రోజుల 'నవదంపతుల ఆరోగ్య సెలవు', ఇద్దరికీ ఒకేసారి. ఈ నిబంధన కిందికి వచ్చే జంట ఆఫీసు మొత్తానికి ఒక్కటే. అందులో సగం నేను. మిగతా సగం నాలుగో అంతస్తులో, రికార్డు గదిలో ఉంటుంది.

మా పెళ్లయి అప్పటికి అయిదు వారాలు. అందువల్ల ఈ వ్యాసంలో 'మా ఆయన' అనే మాట అవసరానికి మించి వస్తుంది. పాఠకులు సర్దుకోవాలి.

నేను పనిచేసేది రెండో అంతస్తులో, క్లెయిముల పునఃపరిశీలన విభాగంలో. అందరూ దాన్ని విచారం సెక్షన్ అంటారు. మా దగ్గర్నుంచి వెళ్లే ప్రతి ఉత్తరమూ 'మిక్కిలి విచారంతో తెలియజేయునది' అని మొదలవుతుంది. ఇవ్వకూడదని పైవాళ్లు ముందే అనుకున్నదాన్ని ఎందుకు ఇవ్వలేకపోతున్నామో అవతలివాళ్లకు నచ్చజెప్పడం నా పని. గొప్పలు చెప్పుకోకూడదు గానీ, ఇందులో నాకు మంచి పేరుంది. నా ఉత్తరం అందుకున్న ఒకాయన, తన కోరిక ఎంత అసమంజసమో చదివాకే తెలిసొచ్చిందనీ, తనను క్షమించాలనీ తిరిగి ఉత్తరం రాశాడు. దాన్ని మా సెక్షన్ గోడకు అంటించారు.

మా ఆయన పని పాత ఫైళ్లు వెతికి ఇవ్వడం. పెళ్లికి ముందు నేను ఏ ఫైలు అడిగినా 'దొరకలేదు, స్వయంగా వచ్చి వెతుక్కోగలరు' అని చీటీ పంపేవాడు. పదకొండుసార్లు వెళ్లాను. పదకొండు ఫైళ్లూ అడిగిన రోజే దొరికాయనీ, అన్నీ తన సొరుగులోనే వరుసగా పేర్చి ఉన్నాయనీ మా సంబంధం ఖాయమయ్యాక ఒప్పుకున్నాడు. (క్రమశిక్షణ చర్యగా పెళ్లి చేసుకున్నాను.)

పెళ్లికి చెరో మూడు రోజులు సెలవిచ్చారు. ఒకే ఆఫీసులో పనిచేసే భార్యాభర్తలు ఒకేసారి మూడు రోజులకు మించి సెలవు పెట్టరాదని నిబంధన ఉంది. అది రాసినాయన బ్రహ్మచారిగానే పదవీ విరమణ చేశాడని రికార్డు గది సమాచారం. ఇక ఆదివారాలు చుట్టాలవి. కొత్త జంటను చూసి పోదామని పొద్దున్నే వచ్చి, పొద్దుగూకేదాకా మా అత్తయ్యతో కబుర్లు చెప్పుకుని, వెళ్లేటప్పుడు గుమ్మంలో మమ్మల్ని చూసి వెళ్తారు. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. మా గది కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్కింటి నీళ్ల గొట్టం. అది రోజంతా ఏదో గొణుగుతూనే ఉంటుంది.

అందుకే ఏడు రోజుల సెలవు మాట వినగానే మా ఆయన కొండ మీద ఒక విడిదిలో గది మాట్లాడాడు. బస్సులో నాలుగున్నర గంటల దారి. ఒక గది, ఒక మంచం, ఒక కిటికీ అని విడిది నడిపే పెద్దావిడ ఫోన్లో చెప్పింది. కిటికీకి ఎదురుగా ఏముంటుందని మా ఆయన అడిగాడు.

“ఏమీ ఉండదు బాబూ. అదే వచ్చిన చిక్కు” అంది ఆవిడ.

ఏమీ లేకపోవడం కూడా అద్దెకు దొరుకుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వు ఆగేది కాదు. ఒక తిరస్కరణ ఉత్తరం మధ్యలో కూడా నవ్వాను.

మొదటి రోజు ఉదయం తొమ్మిదిన్నరకు నిండుగా ఛార్జి చేసిన నా బ్యాండు, సాయంత్రం ఆరున్నరకు, ఇంటికి ఇంకొక్క వీధి ఉందనగా కన్ను మూసింది. మా ఆయనది అంతకు రెండు నిమిషాల ముందే, చెప్పులు కుట్టే దుకాణం దగ్గర పోయింది. ఏడు రోజులని రాశారు కదా, అలసిపోయి కాసేపు పడుకుందేమో అనుకున్నాం. రెండో రోజు కూడా ఆరున్నరకే పోయింది. మూడో రోజు కూడా. ఎనభై ఆరు బ్యాండులదీ అదే వరస. తొమ్మిది గంటలు, మహా అయితే ఒక నిమిషం అటూ ఇటూ. వస్తువు మన్నకపోయినా మాట మీద నిలబడిందని ఒప్పుకోవాలి.

కారణం లేకపోలేదు. గంటకోసారి బ్యాండు వణికి, కూర్చున్నది చాలు లెమ్మంటుంది. వణకడానికి బ్యాటరీ ఖర్చవుతుంది. బ్యాటరీ తగ్గితే తగ్గిందని చెప్పడానికి మళ్లీ వణుకుతుంది. ఆ వణుకుతో ఇంకాస్త తగ్గుతుంది. ఆ సంగతీ చెప్పాలి కదా, ఇంకోసారి వణుకుతుంది. ఎవరు పలకరించినా తన నీరసం గురించి గంటసేపు చెప్పి మరింత నీరసపడే దూరపు బంధువు ఒకాయన మాకున్నాడు. అచ్చం ఆయనే. ఇవి చాలవన్నట్టు, పదివేల అడుగులు పూర్తి కాగానే అభినందనగా తెర మీద చిన్న బాణాసంచా పువ్వు ఒకటి విచ్చుకుంటుంది. దానికి నాలుగు శాతం.

బ్యాండును ఇంట్లో ఛార్జి చేయడం నిషిద్ధం. ఇళ్లలో అడుగులను పెంచి పోషించే ప్రమాదం ఉందట. అందుకని మూడో అంతస్తులో ఛార్జింగ్ గది ఏర్పాటు చేసి, దానికి అడుగుల అధికారి అనే పదవి సృష్టించారు. ఆయన అంతకుముందు స్టేషనరీ చూసేవాడు. ఇరవై ఏళ్ల పాటు కుర్చీలోంచి లేవకుండా సేవ చేసిన అనుభవం ఆయనకు కలిసొచ్చింది.

గదిలో నాలుగు ప్లగ్గులున్నాయి. ఒకటి వదులు. మడతపెట్టిన అట్టముక్క దోపితేనే పనిచేస్తుంది, అట్టముక్కకు అధికారి సంతకం కావాలి. ఒక్కో బ్యాండుకు రెండు గంటలు. ఎనభై ఆరుగురికీ ఛార్జి కావాలంటే రోజుకు నలభై మూడు గంటలు పడుతుందని మా ఆయన లెక్కకట్టి ఆయన ముందు పెట్టాడు. అధికారి ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివి, తగిన చర్య తీసుకున్నాడు. మర్నాటికల్లా తలుపు మీద 'ఓపిక పట్టండి' అనే బోర్డు వెలిసింది.

టోకెన్లలో మొదటి రెండూ దక్కాలని మేమిద్దరం ఏడుంబావుకే వచ్చి తలుపు దగ్గర నిలబడేవాళ్లం. నా బల్ల నుంచి ఆ గదికి రెండు వందల నలభై అడుగులు. బ్యాండు పోయాకే అక్కడికి వెళ్తాం గనుక ఆ అడుగులు లెక్కలోకి రావు. 'కంకణంలో నమోదు కాని అడుగు వేయని అడుగుగా పరిగణించబడును' అన్నది పథకం సర్క్యులర్‌లో మొదటి పేరా.

ఈ పేరా వల్ల మా రోజుకు ఒక చిత్రమైన ఆకారం వచ్చింది. పొద్దున ఇంటి నుంచి ఆఫీసుకు నడిచేటప్పుడు బ్యాండులు చచ్చి ఉంటాయి. ఆ నడక నడక కాదు. సాయంత్రం తిరిగి వెళ్లేటప్పుడు ప్రాణంతో ఉంటాయి. ఆ నడకే నడక. ఇంతవరకు ఇబ్బంది లేదు. కానీ మొదటి వారం ఎంత నడిచినా సాయంత్రం నా లెక్క మా ఆయన లెక్క కంటే వెయ్యి అడుగులు తక్కువ వచ్చేది. పక్కపక్కనే నడుస్తున్నాం, ఒకే వీధుల్లో నడుస్తున్నాం. వెయ్యి అడుగులు ఎక్కడ జారిపోతున్నాయో తెలియక అడుగుల అధికారి దగ్గరకు వెళ్లాను.

ఆయన దర్యాప్తు క్షుణ్ణంగా సాగింది. దారి, చెప్పులు, వీధి మలుపులు, కుక్కలు, అన్నీ అడిగాడు. చివరికి, నడిచేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకుంటావని అడిగాడు. నేను కాసేపు నేల చూపులు చూసి, ఒక చెయ్యి మా ఆయన చేతిలో ఉంటుందని చెప్పాను.

“ఏ చెయ్యమ్మా?”

“ఎడమ చెయ్యి సార్.”

“అదీ సంగతి. చెయ్యి ఊగితేనే అడుగు. ఊగని చేతి కింద కాళ్లున్నాయో లేదో దానికెలా తెలుస్తుంది?”

కుడి చేతికి కట్టుకుంటానని అడిగాను. కంకణం ఎడమ చేతికేననీ, ఫారాల్లో ఎడమ అని అచ్చయిపోయిందనీ, మిగిలిన ఫారాలు ఖర్చయ్యాక ఆలోచిద్దామనీ అన్నాడు. ఇంకా పన్నెండు వేల ఫారాలున్నాయి.

మేము ఒక ఉపాయం పన్నాం. నేను ఎడమ పక్కన నడిస్తే నా కుడి చెయ్యి ఆయన ఎడమ చేతిలో ఉంటుంది. అప్పుడు నా అడుగులు చెల్లుతాయి, ఆయనవి చెల్లవు. పక్కలు మారితే ఆయనవి చెల్లుతాయి. కాబట్టి వంద అడుగులకొకసారి పక్కలు మారుతూ వెళ్లాం. చూసేవాళ్లకు మేము తగాదా పడి, రాజీపడి, మళ్లీ తగాదా పడుతున్నట్టు ఉండేది. చెప్పులు కుట్టే ఆయన మూడు రోజులు ఓపిగ్గా చూసి, నాలుగో రోజు మా ఆయన్ను పక్కకు పిలిచి, కొత్తలో ఎవరికైనా ఇలాగే ఉంటుందని ధైర్యం చెప్పాడు.

దాంతో ఒప్పందానికి వచ్చాం. సాయంత్రం నడక ఆఫీసుది. కవాతులో సైనికుల్లా చెరో మూర దూరంలో, చేతులు బాగా ఊపుతూ నడుస్తాం. పొద్దున నడక మాది. అది ఎవరి లెక్కలోనూ ఉండదు. ఆ అరగంటలో మేము ఎక్కడా లేనట్టే గనుక, దారిలో ఎండ పడే చోట ఆగుతాం, మూతపడిన దుకాణాల అద్దాల్లో మమ్మల్ని మేము చూసుకుంటాం, అవసరం లేని మలుపులు కూడా తిరుగుతాం. నా జీవితంలో అంత దూరం నడిచిన నెల ఇంకొకటి లేదు. రికార్డులో అది సున్నా.

మా అత్తయ్య ఈ బ్యాండును మొదట్నుంచీ నమ్మలేదు.

“గడియారమైతే పొద్దుపోయేదాకా టైము చెప్పాలి. తాడైతే దేన్నైనా కట్టెయ్యాలి. ఇదేం వస్తువే అమ్మాయ్?” అంది.

ఆవిడ వంటింటికీ పెరట్లో బట్టల తీగకూ మధ్య రోజంతా తిరుగుతూనే ఉంటుంది. ఆ అడుగులు ఎవరు రాసుకుంటున్నారని అడిగితే నా దగ్గర జవాబు లేదు. (మా సెక్షన్‌లో జవాబు లేనప్పుడు మొదటి పేరా చదివి వినిపిస్తాం. అత్తయ్యకు వినిపించే ధైర్యం చాల్లేదు.)

ఆఫీసులో తక్కినవాళ్లు రకరకాలుగా నెగ్గుకొస్తున్నారు. మా సెక్షన్‌లోనే ఒకాయన బ్యాండును తన బల్ల మీది టేబుల్ ఫ్యానుకు కట్టి, ఫ్యాను అటూ ఇటూ తిరిగేలా మీట నొక్కి, హాయిగా పని చేసుకునేవాడు. ఫ్యాను రోజుకు యాభై వేల అడుగులు నడిచేది. అప్పట్నుంచి ఆయన పేరే టేబుల్ ఫ్యాను అయింది. ఒక్కటే ఇబ్బంది. అంత నడకకు బ్యాటరీ తట్టుకోలేక మధ్యాహ్నానికే పోతుంది గనుక రోజుకు రెండుసార్లు ఛార్జి పెట్టుకోవాల్సి వచ్చేది.

రెండో వారానికి ఫిర్యాదులు మొదలయ్యాయి. అరవై ఒక్కరు రాశారు. అందరిదీ ఒకే ప్రశ్న: అట్ట మీద ఏడు రోజులని ఉంది, వస్తున్నది తొమ్మిది గంటలు, సంగతేమిటి? ప్రధాన కార్యాలయం దాకా వెళ్లింది. వాళ్లు అడుగుల అధికారిని సంజాయిషీ అడిగారు. ఆయన ఆ కట్టనంతా మా సెక్షన్‌కు పంపాడు. మా సెక్షన్ పెద్ద దాన్ని నా బల్ల మీద పెట్టాడు.

ఆ రోజు నేను మహా హుషారుగా ఉన్నాను. అంతకు కాసేపటి ముందే నాలుగో అంతస్తు నుంచి నాకో చీటీ వచ్చింది. 'ఫైలు దొరికింది. అయినా రాగలరు' అని ఉంది అందులో. అంత సంతోషంలో ఉన్న మనిషికి కలం అప్పగించకూడదు. నలభై నిమిషాల్లో ఆరు పేరాల సర్క్యులర్ రాసేశాను. మొదటి మూడు పేరాల్లో ఫిర్యాదుదారుల శ్రద్ధను మెచ్చుకున్నాను. అయిదులో ఓపిక, ఆరులో ధన్యవాదాలు. అసలు విషయం నాలుగో పేరాలో ఉంది.

'ఈ పథకానికి సంబంధించిన సమస్త వ్యవహారాల్లోనూ, ఆరోగ్య కంకణం ఒకసారి ఛార్జి చేసిన మీదట పనిచేసే కాలమే ఏడు రోజులుగా పరిగణించబడును.'

ఒక్క వాక్యం. అరవై ఒక్క ఫిర్యాదులూ దాని ముందు చతికిలబడ్డాయి. బ్యాండు ఏడు రోజులూ పనిచేస్తోంది, ఎవరికీ ఏ కష్టమూ లేదు. అడుగుల అధికారి స్వయంగా రెండో అంతస్తుకు దిగివచ్చి నన్ను అభినందించాడు. (ఆయన దిగడం అదే మొదటిసారి. లిఫ్టులో.) సాయంత్రం చెరో మూర దూరంలో నడుస్తూ మా ఆయనకు ఆ వాక్యం అప్పజెప్పాను. మా ఆయన రెండుసార్లు చెప్పించుకుని విని, సమస్త అనే మాట దగ్గర నీ చెయ్యి కనిపిస్తోందన్నాడు. నేను ఆ పూట ఇంటిదాకా నేల మీద నడిచానో లేదో చెప్పలేను. బ్యాండు నడిచానంది.

పద్దెనిమిదో రోజు వచ్చింది. అప్పటికి ఎనభై ఆరుగురిలో వరుస తప్పనివాళ్లు ముగ్గురమే మిగిలాం. నేను, మా ఆయన, టేబుల్ ఫ్యాను. చివరి రోజుకు ఒక ప్రత్యేక నిబంధన ఉంది. పదివేలో అడుగు అడుగుల అధికారి ఎదురుగా వేయాలి. తెర మీది అంకెను ఆయన కళ్లారా చూసి పుస్తకంలో రాసుకోవాలి.

మా ఆయన నాలుగింటికే వెళ్లి వేసి వచ్చాడు. నా టోకెను ఆ రోజు వదులు ప్లగ్గుకు పడింది. అట్టముక్క చివర్లో ఎప్పుడు జారిందో గానీ, నిండుగా ఛార్జి కాలేదు. అయిదూ నలభైకి నా లెక్క తొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై. బ్యాటరీ ఆరు శాతం. ఇంకో ఇరవై అడుగులు. పువ్వుకు నాలుగు శాతం పోను రెండు మిగులుతుంది.

మా ఆయన ముందు నడుస్తూ మెట్ల మీద జనాన్ని తప్పించాడు. దారిలోనే పదివేలు అయిపోకుండా నేను ఎడమ చేతిని గుండెకు అదుముకుని, ప్రమాణ స్వీకారానికి వెళ్తున్నదానిలా మూడో అంతస్తు చేరాను. మేము లోపలికి వెళ్లేసరికి అధికారి టోకెన్లు సర్దుతున్నాడు. పాతవాటిని కింద పెట్టాలా, కొత్తవాటిని కింద పెట్టాలా అనే విషయం ఆయనకు ఎటూ తేలడం లేదు. అయిదు శాతం. ఎట్టకేలకు తలెత్తి, కానివ్వమన్నాడు.

బల్ల నుంచి బీరువాకు అయిదడుగులు. వెళ్లాను, వచ్చాను. మళ్లీ వెళ్లాను. పదిహేనో అడుగు దగ్గర బ్యాండు గిలగిలా కొట్టుకుంది. ఎవరైనా ఫోను చేస్తే అది కూడా బ్యాండే చెబుతుందని నాకు అప్పుడే గుర్తొచ్చింది. తెర మీద అత్తయ్య పేరు. వణికినంత సేపూ శాతం కరిగిపోతోంది. మా ఆయన నా సంచిలోంచి ఫోను లాగి చెవికి పెట్టుకున్నాడు. వచ్చేటప్పుడు టీ పొడి తెమ్మంది ఆవిడ. ఏ కంపెనీది అన్న విషయం మీద కూడా కొంత సంభాషణ జరిగింది.

పదహారు, పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది. ఇరవయ్యో అడుగు బల్ల ముందు వేసి చెయ్యి చాపాను. పదివేలు. పువ్వు విచ్చుకోవడం మొదలైంది. నాలుగు రేకులు వచ్చాయి. అయిదో రేకు సగంలో తెర నల్లబడింది.

అడుగుల అధికారి అప్పుడు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. పెట్టుకుని చూశాడు.

“నాకు నల్ల తెరే కనబడుతోందమ్మా” అన్నాడు.

కొండ మీది ఆ కిటికీ కూడా నా కళ్ల ముందే నల్లబడింది. మా ఆయన తను చూశానన్నాడు. సాక్షి చెల్లాలంటే సాక్షి చేతి బ్యాండు ప్రాణంతో ఉండాలని అధికారి నిబంధన చూపించాడు. ఆ పొద్దున హడావిడిలో నిండకుండానే ప్లగ్గులోంచి తీసేసిన మా ఆయన బ్యాండు, నాలుగింటికి పువ్వు పూయించి ఎప్పుడో వాడిపోయింది. ఆ వేళప్పుడు ఆ భవనం మొత్తంలో బతికున్న బ్యాండు ఎవరిదని ఆరా తీస్తే, గది బయట బెంచీ మీద ఒకాయన కనిపించాడు. రెండో ఛార్జి పూర్తి చేసుకుని, చేతిలో ఫ్యానుతో సహా.

“నేను తలుపులోంచి చూశాను సార్. నాలుగు రేకులు నిండుగా వచ్చాయి. మా చెల్లెమ్మ పదివేలూ వేసింది” అన్నాడు టేబుల్ ఫ్యాను.

అధికారి ఆయన బ్యాండు అడిగి తీసుకుని చూశాడు. తొంభై శాతం బ్యాటరీ, ఆనాటికి యాభై రెండు వేల అడుగులు. ఆయన ముఖంలో గౌరవం కనిపించింది. రోజుకు యాభై రెండు వేల అడుగులు నడిచే మనిషికి అబద్ధమాడే తీరిక ఎక్కడుంటుందంటూ నా పేరు ఎదుట పదివేలు అని రాసి సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం రెండు బ్యాండులూ చచ్చి ఉన్నాయి. చేతులు పట్టుకుని ఇంటిదాకా నడిచాం. పక్కలు మారలేదు. చెప్పులు కుట్టే ఆయన మమ్మల్ని చూసి, అంతా సర్దుకుందన్నట్టు తలూపాడు. టీ పొడి మర్చిపోయాం.

నాలుగు రోజులకు సెలవు మంజూరు ఉత్తర్వు వచ్చింది. రికార్డు గదిలో ఇద్దరం కలిసి కవరు చింపాం. నవదంపతులిద్దరికీ ఏడు రోజుల సెలవు మంజూరు చేయడమైనది, శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి శుక్రవారం సాయంత్రం ఆరున్నర వరకు. కింద చిన్న అక్షరాలతో ఆధారం ఇచ్చారు. చూడుడు: పేరా నాలుగు.

నేను మూడుసార్లు చదివాను. ఎక్కడా సందు దొరకలేదు. 'సమస్త' అనే మాట అడ్డంగా కూర్చుని ఉంది. మా ఆయన కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, జాగ్రత్తగా మడిచి, ఆ పదకొండు ఫైళ్లున్న సొరుగులో పెట్టాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది. బయట ఎవరో ఫైలు కోసం వచ్చి, దొరకలేదనుకుని వెళ్లిపోయారు.

శుక్రవారం తొమ్మిదిన్నర బస్సెక్కాం. నాలుగున్నర గంటల ప్రయాణం. సరిగ్గా రెండు గంటలకు బస్సు కొండ మీద విడిది ముందు ఆగింది. అదే బస్సు వెనక్కి తిరుగుతుంది. డ్రైవరు దాన్ని తిప్పుకునేలోపు మేము దిగి, పరుగున వెళ్లి, పెద్దావిడకు ముందే చెప్పి ఉంచిన గది తలుపు తోసి, కిటికీ దగ్గర నిలబడ్డాం. ఆవిడ చెప్పింది నిజమే. ఎదురుగా ఏమీ లేదు. ఎంత దూరం చూసినా ఏమీ లేదు. అంత ఏమీ లేకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. బస్సు హారను మోగింది.

ఆరున్నరకు ఇంటి గుమ్మంలో ఉన్నాం. అప్పుడే వచ్చేశారేమని అత్తయ్య అడిగింది. ఏడు రోజులు అయిపోయాయని చెప్పాను. ఆవిడ గోడ మీది క్యాలెండరు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

అయినా ఆశ ఊరుకోదు. మిగిలిన ఆరు రోజుల పదిహేను గంటల సెలవూ ఇప్పించవలసిందిగా విన్నపం రాశాను. అది అడుగుల అధికారికి వెళ్లింది. ఆయన దాన్ని పునఃపరిశీలనకు, అంటే మా సెక్షన్‌కు పంపాడు. మా సెక్షన్ పెద్ద దాన్ని నా బల్ల మీద పెట్టి, ఇలాంటివి నీ అంత బాగా ఇంకెవరూ రాయలేరమ్మా అన్నాడు.

అది నిజం. కాబట్టి రాశాను.

'మిక్కిలి విచారంతో తెలియజేయునది. మీ వివాహమై నేటికి తొమ్మిది వారాలు, అనగా పదిహేను వందల పన్నెండు గంటలు. పేరా నాలుగు ప్రకారం తొమ్మిది గంటలకు ఒక వారం చొప్పున నూట అరవై ఎనిమిది వారాలు, అనగా మూడు సంవత్సరాల పన్నెండు వారాలు. ఏడాది గడువు ఏనాడో దాటినందున మీరు నవదంపతుల కోవలోకి రారు. ఇంతకు ముందు మంజూరైన ఏడు రోజులు కూడా పొరపాటున ఇచ్చినవే అయినా, మీ దీర్ఘకాల దాంపత్యాన్ని గౌరవించి వాటిని తిరిగి కోరడం లేదు.'

మర్నాడు పొద్దున, ఎవరి లెక్కలోనూ లేని నడకలో, ఆ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన నా చెయ్యి వదలకుండా చివరిదాకా విన్నాడు.

“మూడేళ్లయినా నువ్వేం మారలేదు” అన్నాడు.

ఆఫీసుకు వెళ్లేసరికి అదే ఉత్తరం, సంతకమై, కవరులో నా బల్ల మీద ఉంది. చింపి చదివాను. చాలా బాగా రాశారు. నా కోరిక ఎంత అసమంజసమో చదివాకే తెలిసొచ్చింది. నన్ను క్షమించాలని తిరిగి ఉత్తరం రాశాను.

దాన్ని మా సెక్షన్ గోడకు అంటించారు.